శుభం కార్డు ముందు, పేర్లు తర్వాత

నేను చదివింది ఏడో తరగతి. అదీ పూర్తిగా కాదు. అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బళ్ళోనే ఉంటానన్నాడు, సరే కదా అని నేను బయటికొచ్చేశాను. అయినా ఈ చిలకలూరిపేటలో కొన్నేళ్ళపాటు నన్ను ‘రైటరు గారూ’ అని పిలిచిన జనం ఉన్నారు. ఆ పిలుపూ, దాంతోపాటు ఉద్యోగమూ ఊడబోయి, ఒక ఆదివారం పూట గట్టెక్కిన సంగతి ఇది. ఎవరి పేర్లూ చెప్పను. నా పేరు కూడా చెప్పను. తెలిసినవాళ్ళు ఎటూ నవ్వుతారు, తెలియనివాళ్ళ చేత కూడా ఎందుకు నవ్వించుకోవడం?

అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీరు ఇప్పుడు సినిమా నచ్చకపోతే ఫోన్లో బొటనవేలితో పక్కకి తోసేస్తున్నారు. మా రోజుల్లో సినిమా అంటే రెండు బిళ్ళలు. ఇంటర్వెల్ దాకా ఒక సీడీ, ఆ తర్వాత ఇంకో సీడీ. మధ్యలో మనిషన్నవాడు లేచి, మొదటిది తీసి, రెండోది పెట్టాలి. ఆ రెండు బిళ్ళల దగ్గరే నా కొంప మునగబోయింది.

హైవే మీంచి ఊళ్ళోకి తిరిగే మలుపులో మా సీడీల అద్దె షాపు. ఓనరు గారు అంతకుముందు పత్తి కమీషన్ వ్యాపారం చేసిన మనిషి. పత్తి పింజ చేత్తో పట్టుకుని దాని నాణ్యం చెప్పేసేవాడు కానీ, సినిమా పెడితే పేర్లు పడేలోపే గురక పెట్టేవాడు. అందుకని సినిమాలు చూసే పని నాది, కౌంటరు దగ్గర కూర్చునే పని నాది. ఓ మూల బల్ల వేసుకుని ప్లేయర్లు రిపేరు చేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. మా ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకటే నోరు. పొద్దున షట్టరు తీసింది మొదలు వాడు నన్నూ నేను వాడినీ తిట్టుకుంటూ ఉంటే ఊరు ప్రశాంతంగా ఉన్నట్టు లెక్క. ఏ రోజైనా మేం గమ్మున ఉంటే పక్క టీ కొట్టాయన వచ్చి, “ఏందిరా, ఎవరన్నా పోయారా?” అని అడిగేవాడు.

జిన్నింగు మిల్లుల్లో షిఫ్టు దిగినవాళ్ళు, లారీ ఆఫీసుల వాళ్ళు, ఆస్పత్రి నర్సమ్మలు, అందరూ మా దగ్గరికే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు సీడీ తీసుకుని పోతారా? పోరు. “ఎట్టా ఉందయ్యా ఈ సినిమా?” అంటారు. నేను మొదలుపెడితే అరగంట. వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఓనరు గారు ఓపిక పట్టి పట్టి ఒకరోజు, “ఆ వాగేదేదో చీటీ మీద రాసి కవరుకి అంటించి చావరాదూ!” అన్నాడు. ఆయన కోపంతో అన్నాడు, నేను ఉద్యోగోన్నతి అనుకున్నాను.

అప్పటినుంచి ప్రతి సినిమా కవరు మీదా నా చీటీ. ‘ఏడుపు సినిమా. తువ్వాలు పెద్దది తీసుకోండి.’ ‘హీరో మంచివాడే. కథ ఏం పాపం చేసిందో!’ ‘పిల్లలతో కూర్చుని చూడొచ్చు. పెద్దలే చూడలేరు.’ ఇట్టా రెండేసి ముక్కలు. జనం బొమ్మ చూడ్డం మానేసి చీటీ చదివి తీసుకుపోయేవాళ్ళు. కొందరైతే చీటీలు చదివి నవ్వుకుని సీడీ తీసుకోకుండానే పోయేవాళ్ళు. ఓనరు గారికి వీళ్ళంటే మంట.

ఊళ్ళో పెళ్ళికార్డులు అచ్చువేసే ప్రెస్సు పెద్దాయన ఒక చిన్న వారపత్రిక కూడా నడిపేవాడు. ఆయన మా చీటీలు చదివి, “మా పేపర్లో వారానికొక సినిమా మీద రాయవయ్యా, కొంచెం పొడుగ్గా” అన్నాడు. ‘సీడీరాముడు’ అని నాకు నేనే పేరు పెట్టుకున్నాను. తప్పులు ఆయన దిద్దేవాడు. అంటే అక్షరాల తప్పులు. సినిమాని తప్పుగా చూసుకొస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఒక క్రైం సినిమా వచ్చింది. హాల్లో నాలుగు రోజులు కూడా ఆడలేదు. కొత్త దర్శకుడు, కొత్త మొహాలు. సీడీలుగా వస్తే మేం మూడు సెట్లు కొన్నాం, అదీ కంపెనీవి. అప్పట్లో మా షాపులో ఒరిజినల్ అనదగ్గవి రెండే: ఆ సినిమా, ఓనరు గారి మీసం.

ఇక్కడ మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. మా ఊళ్ళో గాల్లో పత్తి పీచు ఉంటుంది, మిరప సీజన్లో కారం కూడా ఉంటుంది. రెండూ సీడీకి పడవు. అందుకని కొత్త సీడీ ఏదొచ్చినా భాయ్ ఒక్కొక్క బిళ్ళా తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తన ప్లేయర్లో అర నిమిషం ఆడించి, మళ్ళీ కవర్లో పెట్టి నాకిస్తాడు. నేను దాని మీద మార్కరుతో 1, 2 అని పెద్దగా నంబరు వేస్తాను, తీసుకెళ్ళేవాళ్ళకి కనపడాలని. మామూలుగా కంపెనీవాళ్ళే బిళ్ళ మీద చిన్నగా నంబరు అచ్చు వేస్తారు, నేను దాన్ని చూసి వేస్తాను. ఈ సినిమాకి మాత్రం రెండు బిళ్ళల మీదా ఒకే బొమ్మ, చేతిలో టార్చి లైటు పట్టుకున్న హీరో. నంబరు వెయ్యడం మరిచిపోయారు. కవరు తెరిస్తే పుస్తకం తెరిచినట్టు ఎడంవైపు ఒకటి, కుడివైపు ఒకటి. నేను ఎడంవైపు దానికి 1 వేశాను, కుడివైపు దానికి 2 వేశాను. మూడు సెట్లకీ అంతే. అక్షరాభ్యాసం అయిన మనిషి ఎవడైనా అంతే వేస్తాడు.

సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళాను. నేనూ మా ఆవిడా కూర్చున్నాం. ఒకటో సీడీ పెడితే పేర్లూ లేవు, పాడూ లేదు, సర్రున ఇన్‌స్పెక్టరు జీపులోంచి దిగి, “అయితే ఆ రోజు గేటు తీసిందెవరు?” అంటాడు.

“ఎవరయ్యా చచ్చింది?” అని మా ఆవిడ.

“ఉండవే, చెప్తారు.”

చెప్పలేదు. ముప్పావు గంటపాటు ఎవరెవరినో పట్టుకొచ్చి విచారిస్తూనే ఉన్నారు. చివరికి వకీలు గారింటికి పాలు పోసేవాడు, బక్కమనిషి, ఇన్‌స్పెక్టరు ముందు కూర్చుని, “నేనే చంపాను బాబూ” అంటాడు. అక్కణ్ణించి రెప్ప వెయ్యకుండా ఏడెనిమిది నిమిషాలు మాట్లాడతాడు. గొంతు పెంచడు. తమ్ముణ్ణి ఆ వకీలు ఎట్టా అన్యాయంగా జైలుకి పంపించాడో చెప్తాడు. మా ఆవిడ పొయ్యి మీద కూర మాడిపోతున్నా లేవలేదు. తర్వాత శుభం కార్డు పడింది.

రెండో సీడీ పెట్టాను. పేర్లు పడ్డాయి.

“ఏందయ్యా ఇది, పేర్లు ఇప్పుడు పడుతున్నాయేంది?” అంది మా ఆవిడ.

“నీకు తెలియదులే. దీన్ని స్క్రీన్‌ప్లే అంటారు” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎంత గంభీరంగా ఉండి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కానీ ఒక్క మాట. ఆ రెండో సీడీ చూస్తుంటే మాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. వకీలు బతికే ఉన్నాడు. పొద్దున్నే పాలవాడు సైకిలు దిగి, నవ్వుతూ, లీటరు కొలత నిండా పోసి, పైన ఇంకో చుక్క కొసరు వేసి, “అమ్మగారూ, బాబుకి జ్వరం తగ్గిందా?” అని అడుగుతాడు. వీడు చంపబోతున్నాడని మాకు తెలుసు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడ టీవీ వైపు చూసి, “అయ్యో, తలుపు తియ్యబాకమ్మా!” అని అరిచింది. సినిమా ‘విశ్రాంతి’ అన్న కార్డుతో ఆగిపోయింది.

రాత్రికి రాత్రే రివ్యూ రాశాను. మీకోసం కొంచెం ఎత్తి చెప్తాను, నవ్వకండి. ‘తెలుగులో ఇంత సాహసం ఎవరూ చెయ్యలేదు. హంతకుడెవరో మొదటే చెప్పేశారు. శుభం కార్డు సినిమా మధ్యలో వేశారు, అంటే శుభం తర్వాతే అసలు అశుభం మొదలవుతుందని భావం. పాలవాడుగా వేసిన నటుడు పాలు పోస్తూ నవ్వే నవ్వులో లోపలి కత్తి కనపడుతుంది. ఆయన గోళ్ళకి నీలం రంగు పెట్టడం దర్శకుడి తెలివి. చివర్లో శుభం బదులు విశ్రాంతి అని వేశారు. పగకి ముగింపు లేదు, విశ్రాంతి మాత్రమే!’

ప్రెస్సు పెద్దాయన అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏడో తరగతి చదివి ఇట్టా ఎట్టా రాస్తావయ్యా?” అన్నాడు. ఏడో తరగతి చదివాను కాబట్టే రాశానని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

పేపరు వచ్చింది. సినిమా కోసం జనం ఎగబడ్డారు. మూడు సెట్లూ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరిగాయి. పది రోజులు ఊరు ఊరంతా ఆ సినిమాని వెనక నుంచి ముందుకి చూసింది. ఒక్కడంటే ఒక్కడు కూడా ‘ఇదేందయ్యా’ అనలేదు. నా చీటీ మీద ‘తల తిరిగే సినిమా, ఓపిగ్గా చూడండి’ అని రాశాను కదా, తల తిరిగితే అది సినిమా గొప్పతనమనుకున్నారు. మిల్లు మేస్త్రీ ఒకాయన రెండుసార్లు తీసుకెళ్ళాడు.

పదకొండో రోజున ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ వచ్చింది. ఆవిడ ఆ సినిమాని గుంటూరులో హాల్లో చూసిందట. ఇంట్లోవాళ్ళకి చూపిద్దామని సీడీ తీసుకెళ్ళింది. కౌంటరు మీద కవరు టపీమని పెట్టి, “ఏమయ్యా, నువ్వు సినిమా చూశావా, సినిమా నిన్ను చూసిందా?” అంది.

“ఏమైందమ్మా?”

“ఒకటోది రెండోదయ్యా! రెండోది ఒకటోది! పేపర్లో అంత పురాణం రాశావు, పేర్లు ఎక్కడ పడతాయో తెలియదూ?”

అప్పుడు నా తలలో అన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి. జీపు, గేటు, శుభం, పేర్లు, విశ్రాంతి. నెమ్మదిగా భాయ్ వైపు తిరిగాను.

“భాయ్, ఈ సినిమా తుడిచి కవర్లో పెట్టినప్పుడు ఒకటోది ఎటు పెట్టావు?”

“పేర్లు పడ్డదా? కుడివైపు” అన్నాడు, అదేదో తూర్పున సూర్యుడొస్తాడన్నట్టు.

“కుడివైపెందుకు పెట్టావురా!”

“ఒకటోది కుడివైపు కాకపోతే ఎక్కడుంటుందిరా?”

వాడు చిన్నప్పుడు బడికంటే ముందు మసీదులో ఖురాన్ చదవడం నేర్చుకున్నాడు. ఆ పుస్తకం కుడి నుంచి తెరుస్తారు. అప్పటినుంచీ వాడి చేతికి మొదలంటే కుడివైపే. వాడి ఇంట్లో ఆల్బం తెరిచినా పెళ్ళి ఫోటోలు కుడివైపు నుంచే మొదలు. ఇన్నాళ్ళూ బిళ్ళల మీద కంపెనీవాళ్ళ నంబర్లు ఉండబట్టి వాడి పద్ధతీ నా పద్ధతీ ఒకదానికొకటి తగల్లేదు. ఈ ఒక్క సినిమాలో గుద్దుకున్నాయి.

“నేను కుడి నుంచి పెట్టాను సరే, నువ్వు ఒక్కసారి ఆడించి చూసి నంబరు వెయ్యొద్దూ? ఏడో తరగతి దాకా ఏం చదివావురా, ఎడమ వైపా?” అన్నాడు. నిజమే కదా. తప్పు నాదే. తిట్టుకోవడానికి కూడా నాకు నోరు రాలేదు. టీ కొట్టాయన తొంగిచూశాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు ఆ సాయంత్రమే షాపుకి ఫోనొచ్చింది. ఓనరు గారు ఎత్తారు. విని, పెట్టేసి, నా మొహంలోకి చూశారు.

“ఆ సినిమాలో వేసినాయనంట. చీరాల నుంచి. ప్రెస్సులో మన నంబరు తీసుకున్నాడంట. రివ్యూ రాసినాయనతో మాట్లాడాలి, ఆదివారం వస్తానన్నాడు.”

“ఏం మాట్లాడాలంటండి?”

“అది చెప్పలా. కానీ నువ్వు పేపర్లో మొదటి ముక్కలోనే హంతకుడెవరో రాసి పారేశావంట కదా? ఎవరైనా ఊరుకుంటారా?” ఆయన మీసం ఒకసారి సవరించుకున్నారు. “చూడు. నాకు సినిమాల సంగతి తెలియదు. వచ్చినాయన మన షాపు ముందు రభస చేసి, నలుగురూ పోగయ్యారంటే మాత్రం సోమవారం నుంచి నువ్వు రానక్కర్లా. చీటీలు నేనే రాసుకుంటా.”

ఆదివారానికి మూడు రోజులుంది. మీరు నమ్మరు, నేను ఆ మూడు రోజులూ ఎవరి మీదా ఒక్క జోకు వెయ్యలేదు. ఇంట్లో మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నాకు ఆ ఉద్యోగం కాక ఇంకోటి వచ్చేది మిర్చియార్డులో బస్తాలు మొయ్యడమే. బస్తాలంటే భయం లేదు, ముందు చేసిన పనే. కానీ అక్కడ ‘రైటరు గారూ’ అని ఎవరూ పిలవరు.

ఆదివారం పదకొండు గంటలకి షాపు ముందు ఆటో ఆగింది. హంతకుడు దిగాడు.

సినిమాలో ఎట్టా ఉన్నాడో అట్టాగే ఉన్నాడు. బక్కపల్చగా, తెల్ల చొక్కా, భుజానికి గుడ్డసంచి. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

“రైటరు గారున్నారా అండి?” అన్నాడు, పాలు కావాలా అని అడిగినంత మెత్తగా.

“లేరండి. గుంటూరెళ్ళారు” అన్నాను.

“ఉన్నారండీ” అని మూల నుంచి భాయ్. “మీతో మాట్లాడేది ఆయనే. గుంటూరెళ్ళింది ఆయన ధైర్యం.”

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. సంచిలోంచి మా పేపరు ముక్క తీశాడు. దానికి ప్లాస్టిక్ కాగితం వేయించి అట్టలా చేయించుకున్నాడు. నా పిచ్చి రాతకి లామినేషన్!

ఓనరు గారు కుర్చీ తుడిచి వేశారు. టీ వచ్చింది. వచ్చినాయన చెప్పుకొచ్చాడు. చీరాలలో నేతగాళ్ళకి నూలు రంగులు అద్దడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా పరిషత్తుల్లో నాటకాలు వేస్తున్నాడు. సినిమాలో వేషం రావడం అదే మొదలు.

“మా ఊళ్ళో హాల్లో ఆడితే బంధువుల్నీ స్నేహితుల్నీ ఇరవై మందిని తీసుకెళ్ళానండి. ఇంటర్వెల్లో సగం మంది పోయారు. మిగతావాళ్ళు ‘ఇంకెక్కడా నువ్వు లేవుగా’ అని ఆఖరి బస్సుకి పోయారు. నేను చంపానని ఒప్పుకునే సీను చూసింది నేనూ, హాలు ఊడ్చే ఆవిడా. మా అన్నయ్య ఇప్పటికీ ‘పాలు బాగా పోశావురా’ అంటాడు, అంతే. మీరొక్కరు చూశారయ్యా. ఆ నవ్వులో కత్తి చూశారు!”

ఓనరు గారి మొహం తేటపడింది. రభస లేదు, నలుగురు పోగవ్వడం లేదు. నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశారు. ‘బతికిపోయావు, నోరు మూసుకో’ అని దానర్థం. నేనూ మూసుకునేవాణ్ణే. కానీ వచ్చినాయన ఇంకో మాట అన్నాడు.

“ఎల్లుండి ఇంకో సినిమావాళ్ళు రమ్మన్నారండి. ఈ అట్ట తీసుకెళ్ళి చూపిస్తాను. వాళ్ళు అడుగుతారు కదా, ఆ నవ్వు ఎట్టా చేశావు అని. నాకు సరిగ్గా చెప్పడం రాదు. మీరైతే చదువుకున్నవారు. అందులో ఏం చూశారో నాకు విడమరిచి చెప్పండి, బట్టీ పట్టుకుని వెళ్తాను.”

చదువుకున్నవారు!

నేను ఆ అట్ట వైపు చూశాను. ఎల్లుండి దాన్ని హైదరాబాదులో ఎవరి చేతిలోనో పెడతాడు. వాళ్ళు ఆ సినిమా తీసినవాళ్ళకి తెలిసినవాళ్ళే అయి ఉంటారు. ‘శుభం కార్డు మధ్యలో వేశారు’ అన్న ముక్క చదివి పగలబడి నవ్వుతారు. ముప్పై ఏళ్ళు నాటకాలు వేసిన మనిషి వాళ్ళ ముందు నిలబడి, నేను చెప్పిన పాఠం అప్పజెపుతుంటాడు. నా ఉద్యోగం ఉంటుంది, ఆయన వేషం పోతుంది.

“అయ్యా, మీరు కోప్పడొద్దు. నేను ఆ సినిమా తలకిందులుగా చూశానండి” అన్నాను.

ఓనరు గారి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఒకసారి మొదలుపెట్టాక ఇక ఆగలేదు నేను. నంబర్లు, ఎడమ, కుడి, పేర్లు, మా ఆవిడతో చెప్పిన స్క్రీన్‌ప్లే, ఏడో తరగతి, అన్నీ చెప్పేశాను. భాయ్ లేచొచ్చి, “కుడివైపు పెట్టింది నేనండి” అన్నాడు. ఇరవయ్యేళ్ళ స్నేహంలో వాడు నా పక్షాన మాట్లాడటం అదే మొదలు.

చీరాల పెద్దాయన గ్లాసు పక్కన పెట్టాడు. అట్ట తీసుకుని మొదట్నుంచి మళ్ళీ చదివాడు. చదువుతున్నంతసేపూ హైవే మీద లారీల మోతే. తర్వాత తలెత్తి మెల్లగా అడిగాడు.

“అంటే, నేను పాలు పోస్తున్న సీను చూసేటప్పటికి, నేనే చంపానని మీకు ముందే తెలుసు?”

“తెలుసండి.”

“నాకు తెలియదయ్యా!”

మాకు అర్థం కాలేదు.

“ఒట్టు! ఆ దర్శకుడు హంతకుడెవరో మాకెవ్వరికీ చెప్పలా. బయటికి పొక్కుతుందని. పాలు పోసే సీన్లన్నీ ముందే తీసేశారు. చివరి రోజు పిలిచి, ‘పెద్దాయనా, చంపింది నువ్వే’ అని కాగితం చేతిలో పెట్టాడు. నేనక్కడ నిజంగా పాలే పోశానయ్యా! కత్తీ లేదు, గిత్తీ లేదు. ఆ బాబుకి జ్వరం తగ్గాలనే అడిగాను!”

“మరి గోళ్ళకి నీలం రంగు?” అన్నాను.

“నూలు రంగయ్యా! ఎంత తోమినా పోదు!”

భాయ్ ముందు నవ్వాడు. తర్వాత ఆయన. ఆ తర్వాత నేను. ఆ మూడు రోజుల భయం, మౌనం అన్నీ కలిసి కడుపులోంచి నవ్వుగా వచ్చాయి. ముగ్గురం బల్ల పట్టుకుని నవ్వుతుంటే ఏం గొడవో అని టీ కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు, ఏమీ తెలియకుండానే ఆయనా నవ్వాడు. ఓనరు గారు మాత్రం, “ఇందులో నవ్వేదేముంది?” అని అడిగి, జవాబు రాకపోయేసరికి చివరికి ఆయనా మీసం చాటున నవ్వారు.

“పెట్టండయ్యా, ఒకసారి చూద్దాం. వరసలో” అన్నాడు చీరాల పెద్దాయన.

భాయ్ అసలు ఒకటో సీడీని ఒకటోదిగా పెట్టాడు. పేర్లు పడ్డాయి. పాలవాడు వచ్చాడు, పోశాడు, వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు, పోశాడు, వెళ్ళాడు. మీకు నిజం చెప్పొద్దూ, ఏమీ లేదు అందులో. ఎవరింట్లోనైనా పోసే పాలే. కళ్ళు పాలవాడి మీద నిలవడం లేదు, టార్చి లైటు హీరో మీదకి పోతున్నాయి. ఆయన మొహం వాడిపోతూ ఉండటం పక్కనుంచి చూస్తున్నాను. అరగంట అయ్యాక ఆయనే అన్నాడు.

“ఆపెయ్యండి. మీరు చూసినట్టు చూద్దాం.”

భాయ్ లేచి బిళ్ళ మార్చాడు. జీపు, విచారణ, “నేనే చంపాను బాబూ.” శుభం. మళ్ళీ మార్చాడు. పేర్లు. పాలవాడు సైకిలు దిగి, నవ్వి, లీటరు నిండా పోసి కొసరు వేశాడు. ఓనరు గారు, పేర్లు పడేలోపే గురక పెట్టే మనిషి, కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నారు. చీరాల పెద్దాయన తన మొహం తానే చూసుకుంటూ, నెమ్మదిగా, “ఓర్నీ, వీడు భయపెడుతున్నాడయ్యా!” అన్నాడు.

వెళ్ళేటప్పుడు ఆ అట్ట నాకే ఇచ్చేయబోయాడు. తర్వాత ఏమనుకున్నాడో, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. “జరిగింది జరిగినట్టు చెప్తాను. నవ్వితే నవ్వనీ” అన్నాడు. ఆటో దాకా భాయ్ వెళ్ళి ఎక్కించాడు.

నేను కౌంటరు దగ్గర నిలబడి సోమవారం సంగతి ఏం చెప్తారా అని ఎదురు చూస్తున్నాను. ఓనరు గారు ఖాళీ టీ గ్లాసులు పక్కకి జరిపారు. తర్వాత మార్కరు నా ముందు పెట్టి, “నర్సమ్మకి ఒక సెట్టు సరిగా నంబర్లు వేసి ఇవ్వు. మిగతా రెండూ అట్టాగే ఉండనీ” అన్నారు. అంతే. అదే నా ఉద్యోగ నియామక పత్రం అనుకోండి. ప్రెస్సు పెద్దాయన మాత్రం సవరణ వెయ్యాల్సిందే అన్నాడు. వేశాం. ‘పోయినసారి సీడీరాముడు సినిమా తప్పుగా చూశాడు. పాఠకులు కూడా అట్టాగే చూడాలని కోరుతున్నాం.’

ఆ షాపు ఇప్పుడు లేదు. అక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. నేనూ పని మానేశాను. అయినా ఎవరన్నా ‘సారూ, మీరు పెద్ద క్రిటిక్ అంట కదా’ అంటే, క్రిటిక్ అంటే ఏంటో తెలియదు కానీ, తెలియకుండా రాసింది కూడా ఒక్కోసారి ఎవరికో పనికొస్తుందని తెలుసు, అంటాను. తెలిశాక ఒప్పుకుంటేనే పనికొస్తుంది, అది వేరే సంగతి.

అప్పట్లో, ఆ ఆదివారం గడిచి నెల తిరక్కముందే షాపుకి చీరాల నుంచి ఫోనొచ్చింది.

“రైటరు గారూ! అంతా చెప్పాను. కుర్చీల్లోంచి పడి నవ్వారయ్యా. వేషం ఇచ్చారు!”

నేను ఫోను ఇంకో చెవికి మార్చాను. “ఏం వేషమండి?”

“పోస్టుమాను.”

“ఈసారి ఎవర్నన్నా చంపుతారా మరి?”

“అడగలేదయ్యా” అన్నాడు. “అడిగితే పాడైపోతుంది.”